కారణం దొరకని నొప్పితో డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు

నాకు నొప్పి మొదలైనప్పుడు 28 ఏళ్ళు. దానికి పేరు దొరికేసరికి 34 వచ్చాయి. ఈ మధ్యలో ముగ్గురు ఎముకల డాక్టర్లను, ఒక న్యూరాలజిస్టును, ఇద్దరు ఫిజియోథెరపిస్టులను కలిశాను. సంచీ నిండా ఎక్స్‌రేలు, రిపోర్టులు పోగయ్యాయి. "అన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి నా జబ్బేంటో కనిపెట్టిన డాక్టరుగారు ఆ సంచీ పక్కన పెట్టించి ముందుగా ఒక ప్రశ్న అడిగారు. "తెల్లవారుజామున ఈ నొప్పి మిమ్మల్ని నిద్ర లేపుతుందా?"

లేపుతుంది. ఆరేళ్ళుగా నాలుగింటికల్లా లేపుతూనే ఉంది. కానీ అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని నాకు తెలియదు.

నా జబ్బు వెన్నెముక కింది భాగంలో, తుంటి ఎముక దగ్గరి కీళ్ళలో వాపు తెచ్చే రకం. దాన్ని యాక్సియల్ స్పాండిలో ఆర్థరైటిస్ అంటారు. మీది వేరే ఏదైనా కావచ్చు. నేను డాక్టర్ని కాను, మీకేం జబ్బో చెప్పలేను. అయితే మూడు నెలలకు మించి వేధిస్తున్న నొప్పితో డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆ పది నిమిషాలు వృథా కాకుండా ఎలా చూసుకోవాలో మాత్రం బాగా తెలుసు. అది తెలియకే నాకు ఆరేళ్ళు పోయాయి.

ముందుగా, ఆగకూడని సందర్భాలు

కొన్ని లక్షణాలుంటే నోటుబుక్కులు రాస్తూ కూర్చోకండి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య, మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కాళ్ళలో బలం తగ్గుతున్నా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఛాతీ నొప్పి, ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి కూడా అంతే. 50 దాటినవాళ్ళకు కొత్తగా తలనొప్పి మొదలై, నమిలేటప్పుడు దవడ నొప్పి పుడుతున్నా, చూపు మసకబారినా ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. కారణం లేకుండా బరువు తగ్గడం, వదలని జ్వరం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవేవైనా ఉంటే డాక్టర్ అడిగేదాకా ఆగకుండా కూర్చోగానే చెప్పేయండి.

"నొప్పి" అని మాత్రమే చెప్పకండి

నేను ఆరేళ్ళూ "డాక్టర్, బ్యాక్ పెయిన్" అనే చెప్పాను. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఇంట్లో మాట్లాడే మాటలు ఎందుకో నోటికి రావు. ఇంట్లో మా అక్కతో మాత్రం "లోపలెక్కడో సలుపుతోందే, ఎవరో బిగించి పట్టుకున్నట్టుంది" అనేదాన్ని. డాక్టర్‌కు కావలసింది సరిగ్గా ఆ రెండో మాట.

మన భాషలో నొప్పికి ఉన్నన్ని మాటలు చూడండి. పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, పీకుడు, తిమ్మిరి. కలుక్కుమంది, చురుక్కుమంది, జివ్వుమంది, పట్టేసింది, మెలిపెట్టింది. ఇవన్నీ ఒకటి కాదు. ఒక్కో మాట ఒక్కో దారి చూపిస్తుంది. మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చీమలు పాకినట్టు ఉండటం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం లాంటివి వింటే డాక్టర్ నరాల వైపు ఆలోచిస్తారు. పొద్దున్నే బిగుసుకుపోయి, సలుపుతూ, తిరిగేకొద్దీ తగ్గుతుంటే కీళ్ళలో వాపు గుర్తొస్తుంది. అలలు అలలుగా మెలిపెట్టి వదిలేస్తుంటే పేగులు, మూత్రనాళం, గర్భాశయం లాంటి లోపలి అవయవాలు. బరువు ఎత్తినప్పుడో, ఒక పక్కకి వంగినప్పుడో మాత్రమే కలుక్కుమని, కదలకుండా ఉంటే హాయిగా ఉంటే కండరాలో కీలో ఎముకో. ఇవి కచ్చితమైన లెక్కలేం కావు, ఒకదానిలో ఒకటి కలుస్తుంటాయి కూడా. కానీ వెతకడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో వీటితోనే తెలుస్తుంది.

అందుకే ఇంట్లోవాళ్ళతో చెప్పే మాటనే డాక్టర్‌తో చెప్పండి. ఇంగ్లీషు పేరు కోసం వెతుక్కోకండి. నెట్లో చదివిన జబ్బు పేరు మొదటే చెప్పకపోవడం కూడా మంచిదని నా అభిప్రాయం. నేనొకసారి వెళ్ళగానే "నాకు సయాటికా అనుకుంటున్నానండీ" అన్నాను. ఆ రోజు మాటలన్నీ సయాటికా (నడుము నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) చుట్టూనే తిరిగాయి.

చోటు చూపించేటప్పుడు వేలితో చూపించండి. నేను "నడుము" అన్నప్పుడల్లా అందరూ నడుము చూశారు. నిజానికి నా నొప్పి పిరుదు లోపల, కాస్త పైభాగంలో. కొన్నాళ్ళు కుడివైపు, కొన్నాళ్ళు ఎడమవైపు. అలా పక్కలు మారడం కూడా ఒక ఆనవాలేనని చాలా తర్వాత తెలిసింది. శరీరం బొమ్మ ముందు, వెనక రెండూ గీసుకుని, నొప్పి ఉన్నచోట పెన్నుతో రుద్దితే ఇంకా తేలిక.

మూడు వారాల నోటుబుక్కు

నొప్పిని ఎక్స్‌రేలో చూడలేం. దాని నడవడికను మాత్రం రాసి పెట్టుకోవచ్చు. నా నోటుబుక్కులో ఒక రోజు ఇలా ఉంది:

"మంగళవారం. 4.10కి మెలకువ. కుడి పిరుదులో సలుపు, 10కి 7. పక్కకి ఒత్తిగిలితే పెరిగింది. లేచి హాల్లో 20 నిమిషాలు నడిచాను, 4కి దిగింది. సాక్స్ వేసుకోవడానికి వంగలేకపోయాను, 7.30 దాకా అంతే. మధ్యాహ్నం నొప్పి 2. మూడు గంటలు కుర్చీలో కూర్చుని లేచాక మళ్ళీ 5. మాత్ర వేసుకోలేదు."

ఇందులో అంకెల కన్నా విలువైనవి వేరే ఉన్నాయి. నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం చేస్తే పెరిగింది, ఏం చేస్తే తగ్గింది, దానివల్ల ఏ పని ఆగింది. పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే నడుము నొప్పి, పనిచేస్తే పెరిగి పడుకుంటే తగ్గే నడుము నొప్పి రెండూ వేర్వేరు. చిన్న వయసులో మెల్లగా మొదలవడం, విశ్రాంతితో తగ్గకపోవడం, కదిలితే తగ్గడం, రాత్రి రెండో సగంలో నిద్ర లేపడం, పొద్దున్నే అరగంటకు మించి బిగుసుకుపోవడం, ఇవన్నీ కలిసి వాపు రకం నడుము నొప్పికి ఆనవాళ్ళు. నాకు ఐదూ ఉన్నాయి. అవి తెలియక, డిస్క్ అనుకుని, మూడు వారాలు మంచానికే పరిమితం కమ్మన్నారు. కదలకుండా పడుకున్న ఆ మూడు వారాలంత నరకం నేను మళ్ళీ చూడలేదు. పడుకుంటే ఎక్కువవుతోందని అప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది.

"వాపు మాత్రలు", అంటే వాపు తగ్గించే నొప్పి మాత్రలు, వేసుకున్నప్పుడు ఏం జరిగిందో కూడా రాయండి. నాకు రెండ్రోజుల్లో హాయిగా ఉండేది, ఆపగానే తిరిగొచ్చేది. అదీ ఒక ఆనవాలే. అలాగని డాక్టర్‌ను అడక్కుండా ఆ మాత్రలు నెలల తరబడి వాడకండి, కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

రాయడం మూడు వారాలతో ఆపేయండి. నేను మొదట్లో నాలుగు నెలలు గంటగంటకీ రాశాను. ధ్యాసంతా నొప్పి మీదే నిలిచిపోయి మనసు పాడైపోయింది తప్ప కొత్తగా తెలిసిందేమీ లేదు.

సంబంధం లేదనుకున్నవి కూడా

ఇది కాస్త నెమ్మదిగా చదవండి. నా దారి తిరిగింది ఇక్కడే.

నాకు రెండుసార్లు కన్ను ఎర్రబడింది. మామూలు కళ్ళకలక కాదు. ఒక కంట్లోనే నొప్పి, వెలుగు చూడలేకపోవడం. కంటి డాక్టర్ చుక్కల మందు ఇచ్చారు, తగ్గింది, మర్చిపోయాను. నడుము కోసం వెళ్ళినప్పుడు కంటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆ డాక్టరుగారు నిద్ర గురించి అడిగిన వెంటనే, "కళ్ళు ఎప్పుడైనా ఎర్రబడి నొప్పి చేశాయా?" అన్నారు. కంటిలో వచ్చే యువైటిస్ అనే వాపుకి, ఈ వెన్ను జబ్బుకి చుట్టరికం ఉందట. ఆరేళ్ళ చిక్కుముడి ఆ రెండు ప్రశ్నలతో విడిపోయింది.

కాబట్టి తల నుంచి పాదం దాకా ఒకసారి తరచి చూసుకోండి. చర్మం మీద పొలుసులు, దద్దుర్లు, నోట్లో పదే పదే పుండ్లు, కళ్ళు నోరు ఎండిపోవడం, చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారడం, ఎడతెగని విరేచనాలు, మలంలో రక్తం, జుట్టు బాగా రాలడం, ఎంత పడుకున్నా తీరని అలసట, పాదాల్లో తిమ్మిరి. ఆడవాళ్ళు నొప్పికి, నెలసరికి లంకె ఉందేమో చూసుకోవాలి. నెలసరి నొప్పి అందరికీ ఉండేదేనని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. పని మానుకుని మంచం పట్టేంత నొప్పి, కలయికలో నొప్పి, ఆ రోజుల్లో మల విసర్జనకు వెళ్ళినా నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) గురించి అడగండి. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి అది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా తేలడానికి ఏళ్ళు పడుతోంది.

అమ్మానాన్నలు, తోబుట్టువులు, మేనమామలు, అత్తయ్యల జబ్బులు అడిగి రాసుకోండి. మా నాన్నగారి అన్నయ్య వీపు వంగిపోయి ఉండేది. అది వయసు వల్లే అనుకున్నాం అందరం.

మందులూ చెప్పాలి. కొలెస్ట్రాల్ కోసం వాడే స్టాటిన్ మాత్రలతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. తలనొప్పి ఉన్నవాళ్ళు మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ఆపైన, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి ముదరొచ్చు. స్టెరాయిడ్ ఇంజక్షన్ గానీ మాత్రలు గానీ ఈమధ్య తీసుకుని ఉంటే తప్పక చెప్పండి, అవి వాపును దాచేసి పరీక్షల్ని తారుమారు చేయగలవు. అలాగని వాడుతున్న మందుల్ని సొంతంగా ఆపకండి.

ఒక్క కాగితం

ఇన్ని రాసుకున్నాక డాక్టర్ ముందు పెట్టాల్సింది ఒక్క పేజీయే. కట్టలు కట్టలు ఇస్తే ఎవరూ చదవలేరు. నేను ఆఖరిసారి తీసుకెళ్ళిన కాగితంలో పైన రెండు వాక్యాలున్నాయి: "ఆరేళ్ళుగా పిరుదుల్లో, నడుము కింద సలుపు. పడుకుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ." కింద, ఎప్పుడు ఎలా మొదలైంది. ఆ కింద, చేయలేకపోతున్న పనులు: సాక్స్ వేసుకోవడం, మా అక్క కూతుర్ని ఎత్తుకోవడం, నొప్పి లేకుండా అరగంటకు మించి కూర్చోవడం. తర్వాత ఇప్పటిదాకా చేసిన పరీక్షలు తేదీలతో, వాడిన మందులు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు. చివర్లో "నేను అడగాలనుకున్నవి" అని మూడు ప్రశ్నలు.

చేయలేని పనుల గురించి రాయడానికి మొహమాటపడకండి. 10కి 8 అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. "పసిదాన్ని ఎత్తుకోలేకపోతున్నాను" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

గదిలో

వీలైతే ఒక మనిషిని తోడు తీసుకెళ్ళండి. నాకు మా అక్క వచ్చింది. నేను "పర్లేదండీ, ఓర్చుకుంటున్నాను" అనబోతే, "లేదండీ, రాత్రి నాలుగింటికి హాల్లో తిరుగుతుంటుంది, నేను చూస్తుంటాను" అని అక్కే చెప్పింది. బాధ తగ్గించి చెప్పే అలవాటున్న వాళ్ళందరికీ ఇలాంటి తోడు అవసరం.

కూర్చోగానే అతి ముఖ్యమైన సంగతి చెప్పండి. లేచేముందు చెబుదామని దాచుకున్నది తలుపు దగ్గరే మిగిలిపోతుంది. తర్వాత నేను అడిగిన ప్రశ్నలు ఇవి, మీరూ వాడుకోండి. "ఇది కాకపోతే ఇంకేం అయ్యే అవకాశం ఉంది?" "ఈ పరీక్ష దేన్ని తేల్చడానికి, నార్మల్ వస్తే తర్వాత ఏం చేద్దాం?" "ఎన్ని వారాల్లో తగ్గకపోతే మళ్ళీ రమ్మంటారు?" ఈ చివరి ప్రశ్న నన్ను చాలా కాపాడింది. జవాబుగా ఒక తేదీ వచ్చింది కాబట్టి, ఆ తేదీన మొహమాటం లేకుండా వెళ్ళగలిగాను.

ఇక "టెన్షన్ వల్లే" అన్నప్పుడు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది. ఇప్పుడు కాస్త నిదానంగా చూడగలుగుతున్నాను. టెన్షన్, నిద్రలేమి, దిగులు నొప్పిని నిజంగానే పెంచుతాయి. ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే దిగులూ వస్తుంది. దాన్ని కాదని వాదిస్తే సమయం పోతుంది. నేను ఇలా అన్నాను: "అవునండీ, టెన్షన్ ఉంది, దానికీ వైద్యం చేయించుకుంటాను. కానీ ఈ లక్షణాలకు శరీరంలో వేరే కారణం లేదని ఏయే పరీక్షలతో తేలిందో చెప్తారా?" గొంతు పెంచకుండా అడిగితే చాలామంది డాక్టర్లు ఆగి ఆలోచిస్తారు. చిరాకుపడి పంపించేస్తే వేరే డాక్టర్‌ని చూడటం మీ హక్కు. నేను రెండుసార్లు మారాను, అందుకు చింత లేదు. అయితే డాక్టర్ మారిన ప్రతిసారీ పాత రిపోర్టులు తీసుకెళ్ళాలి. లేకపోతే అవే పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేస్తారు.

రిపోర్టుల్ని ఎలా చూడాలి

నా మొదటి ఎమ్మారైలో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని వచ్చింది. అంటే నడుము ఎముకల మధ్య ఉండే మెత్తని దిండు కాస్త ఉబ్బింది. దొంగ దొరికాడనుకుని అందరం అక్కడే ఆగిపోయాం. నొప్పే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. అంటే స్కాన్‌లో ఏదో ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేలిపోదు. మీ నొప్పి తీరుకీ ఆ చోటుకీ పొంతన కుదరాలి.

నార్మల్ రిపోర్టు సంగతీ అంతే. నా జబ్బులో ఎక్స్‌రే చాలా ఏళ్ళు నార్మల్‌గా ఉండొచ్చు, ఒంట్లో వాపును చూపే సీఆర్పీ అనే రక్తపరీక్ష కూడా పెరగకపోవచ్చు. నాకు పనికొచ్చింది సాక్రోఇలియాక్ కీళ్ళ (వెన్నెముక అడుగు తుంటి ఎముకతో కలిసే చోటి కీళ్ళ) ఎమ్మారై. అంతకుముందు తీసినవన్నీ ఆ కీళ్ళకు పైన ఉండే నడుము భాగానివి. సన్నని నరాలు దెబ్బతిన్నప్పుడు మామూలు నరాల పరీక్ష బాగానే వస్తుంది, చర్మం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే బయటపడుతుంది. ఎండోమెట్రియోసిస్ కూడా అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోవచ్చు. అందుకని "నార్మల్" అన్నప్పుడు "ఈ పరీక్షలో కనిపించకుండా ఉండగలిగే జబ్బులేవి?" అని అడగండి.

పాజిటివ్ వస్తే హడలిపోవడమూ వద్దు. ఈ జబ్బుతో ముడిపడిన హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు. లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష కూడా ఆరోగ్యంగా ఉన్న కొందరిలో పాజిటివ్ వస్తుంది.

ఒళ్ళంతా నొప్పులైతే మొదట చూసేవి తేలికైన రక్తపరీక్షలే: రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, సీఆర్పీ (రెండూ ఒంట్లో వాపును చూపేవి), థైరాయిడ్, షుగర్, కాల్షియం, విటమిన్ డి, కండరాలు నీరసంగా ఉంటే సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసేది), తిమ్మిర్లుంటే బి12. ఇవి కాకముందే ఖరీదైన స్కాన్లకు పరిగెత్తాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఏ స్పెషలిస్టు అన్నది ఆనవాళ్ళే చెబుతాయి. పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్ళకు రుమటాలజిస్ట్, మంటలు తిమ్మిర్లకు న్యూరాలజిస్ట్, పొత్తికడుపుకు గైనకాలజిస్టో గ్యాస్ట్రో డాక్టరో. వీళ్ళందరి మాటలూ ఒకచోట కలిపి చూసే జనరల్ డాక్టర్ ఒకరు ఉండాలి. నాకు అలాంటివారు లేకపోవడం వల్లే కన్ను ఒకచోట, నడుము ఒకచోట ఉండిపోయాయి.

పేరు దొరకకపోతే

అన్నీ చూశాక కూడా వాపు గానీ నరం దెబ్బ గానీ కనిపించని వాళ్ళుంటారు. వాళ్ళ నొప్పి అబద్ధమని అర్థం కాదు. నరాలూ మెదడూ నొప్పిని మోసే పద్ధతే మారిపోయి, దెబ్బ లేకున్నా నొప్పి పుడుతుంది. 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం దీనికి నోసిప్లాస్టిక్ నొప్పి అని పేరు పెట్టింది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో "క్రానిక్ ప్రైమరీ పెయిన్" (నొప్పే జబ్బుగా ఉండే దీర్ఘకాల నొప్పి) అన్నది సొంత జబ్బుగానే ఉంది. ఒళ్ళంతా నొప్పులతో అలసట తెచ్చే ఫైబ్రోమయాల్జియా అందులోకే వస్తుంది. దానికి రక్తపరీక్ష లేదు. 1990 నాటి పద్ధతిలో 18 చోట్ల నొక్కి 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. 2010 తర్వాత ఒంట్లో ఎన్ని భాగాల్లో నొప్పి ఉంది, నిద్ర, అలసట, మతిమరుపు ఎలా ఉన్నాయి అని అడిగి తేలుస్తున్నారు. ఇక్కడా మళ్ళీ మీరు చెప్పే మాటే ఆధారం.

పేరు వచ్చేదాకా వైద్యం ఆపుకోనక్కర్లేదు. నొప్పి క్లినిక్‌కు పంపమని అడగొచ్చు. నిద్ర సరిచేసుకోవడం, ఓపికను బట్టి కొంచెం కొంచెంగా కదలిక పెంచడం, నరాల తీరును శాంతపరిచే మందులు, మనసుకు కౌన్సెలింగ్, ఇవన్నీ వెతుకులాటతో పాటే సాగించొచ్చు. నేనైతే పేరు తెలియకముందే పొద్దున్నే వేడినీళ్ళ స్నానం, నడక మొదలుపెట్టాను. రోజు గడవడానికి అవే ఆసరా అయ్యాయి.

తేలలేదని ఫైలు మూసేయకండి. జబ్బులు కొన్ని మెల్లగా బయటపడతాయి. మూడు నుంచి ఆరు నెలలకోసారి ఆ ఒక్క కాగితం తీసి చదవండి. కొత్తగా కన్ను ఎర్రబడిందా, వేలు వాచిందా, బరువు తగ్గిందా, ఏదైనా ఉంటే తేదీ వేసి అన్నిటికన్నా పైన రాయండి. అది పట్టుకుని మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకోండి.